మంచు మీద పోటీపడే అమ్మాయికి ఎన్ని మాత్రలు కావాలి?

ప్రశ్న: మాది అనంతపురం వైపు. చాలాకాలంగా బెంగళూరులో హోరమావులో ఉంటున్నాం. మా అమ్మాయికి పదహారేళ్లు. చిన్నప్పటి నుంచి ఇన్‌లైన్ స్పీడ్ స్కేటింగ్ చేస్తూ వచ్చి, ఇప్పుడు ఐస్ మీద చిన్న వలయంలో వేగంగా పోటీపడే షార్ట్ ట్రాక్‌కు మారింది. త్వరలో దెహ్రాదూన్ రింక్‌లో శిబిరానికి వెళ్తుంది. యూరప్, కొరియా క్రీడాకారులు ఇవన్నీ వాడతారంటూ తోటి క్రీడాకారిణి తండ్రి ఒక జాబితా ఇచ్చారు. అందులో మల్టీవిటమిన్, వారానికోసారి 60,000 యూనిట్ల విటమిన్ డి, ఐరన్, కాల్షియం, 50 మి.గ్రా. జింక్, 1000 మి.గ్రా. విటమిన్ సి, విటమిన్ ఇ ఉన్నాయి. మరిచిపోకుండా ఉండాలని రాత్రి భోజనం కాగానే గ్లాసు పాలతో అన్నీ ఒకేసారి ఇస్తున్నాను. మూడు నెలలైనా అలసట తగ్గలేదు. మేము శాకాహారులం, అమ్మాయి మాత్రం గుడ్డు తింటుంది. బరువు పెరగకూడదని రాత్రి అన్నం మానేసింది. ప్రాక్టీసు ఎక్కువైనందువల్ల కాబోలు, నాలుగు నెలలుగా నెలసరి రావడం లేదు. ఆ పెద్ద క్రీడాకారులు ఏ విటమిన్లు ఎంతెంత తీసుకుంటారు? మేము ఇచ్చేవి సరిపోతాయా? (ఒక తల్లి, బెంగళూరు)

సమాధానం: అమ్మా, ఏడు మాత్రల గురించి వివరంగా రాసి, అన్నిటికంటే ముఖ్యమైన సంగతిని చివర్లో ఒక్క వాక్యంలో చెప్పి వదిలేశారు. పదహారేళ్ల అమ్మాయికి నాలుగు నెలలుగా నెలసరి ఆగిపోవడం మామూలు విషయం కాదు. ప్రాక్టీసు ఎక్కువైతే అలాగే అవుతుందనే మాట మైదానాల్లో తరచుగా వినిపిస్తుంది, కొందరు కోచ్‌లు కూడా అదే చెబుతారు. దయచేసి ఆ మాట నమ్మకండి. వరుసగా మూడు నెలలు నెలసరి రాకపోతే డాక్టరుకు చూపించాలన్నది క్రీడాకారిణులకు కూడా వర్తించే నియమం. థైరాయిడ్, పీసీఓఎస్ (అండాశయాల్లో హార్మోన్ల తేడా) వంటి కారణాలు ఏమైనా ఉన్నాయేమో ముందుగా స్త్రీవైద్య నిపుణురాలు చూసి తేల్చాలి. అవేవీ కాకపోతే, మీరు రాసిన తీరును బట్టి నాకు కలుగుతున్న అనుమానం ఒక్కటే: అమ్మాయి చేసే సాధనకు తగినంత తిండి తినడం లేదు.

అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ నిపుణులు 2014లో ఈ స్థితికి రెడ్-ఎస్ (క్రీడల్లో శక్తి లోటు) అని పేరు పెట్టి, 2023లో ఆ మార్గదర్శకాలను తాజాగా సవరించారు. తిన్న ఆహారంలోంచి సాధనకు ఖర్చయ్యే శక్తి పోగా మిగిలింది శరీరపు రోజువారీ అవసరాలకు చాలనప్పుడు ఈ పరిస్థితి వస్తుంది. ఇంట్లో డబ్బుకు కటకటగా ఉన్నప్పుడు ముందుగా పండగ బట్టల ఖర్చు ఆపినట్టే, శరీరం కూడా అప్పటికప్పుడు ప్రాణానికి అవసరం లేని పనులను ఒక్కొక్కటిగా ఆపేస్తుంది. నెలసరి ఆగడం పైకి కనిపిస్తుంది కాబట్టి మీకు తెలిసింది. ఎముక గట్టిపడటం మందగించడం, రోగనిరోధక శక్తి తగ్గడం, ఎంత సాధన చేసినా వేగం పెరగకపోవడం పైకి కనిపించవు. మనిషి జీవితకాలంలో కూడబెట్టుకునే ఎముక బలంలో దాదాపు తొంభై శాతం పద్దెనిమిదేళ్లలోపే సమకూరుతుంది. మీ అమ్మాయికి మిగిలింది రెండేళ్లే. నెలసరి ఆగిందంటే ఈస్ట్రోజన్ అనే హార్మోను తగ్గి ఉండవచ్చు. ఈ సమయంలో అది తగ్గిపోతే, కాల్షియం మాత్రలు ఎన్ని మింగినా ఎముకకు చేరవలసినంత చేరదు. నేను మాత్రల కంటే ముందు నెలసరి గురించి మాట్లాడటానికి కారణం ఇదే.

ఇక పెద్ద క్రీడాకారుల సంగతి. శీతాకాల క్రీడలన్నిటికీ ఒకే రకం ఆహారం ఉంటుందనుకోవడం దగ్గరే ఆ జాబితా పొరపాటు మొదలవుతుంది. క్రాస్ కంట్రీ స్కీయింగ్ చేసేవారిని తీసుకోండి. స్వీడన్ పురుష స్కీయర్లు శిబిరంలో రోజుకు ఎంత శక్తి ఖర్చు చేస్తున్నారో 1990లలో ఖచ్చితమైన పద్ధతిలో కొలిచినప్పుడు అది 7,000 కిలో కేలరీలు దాటింది. అంత ఖర్చుకు సరిపడా ఓట్స్ జావ, రై రొట్టె, పాలు, బంగాళాదుంప, చేప, మాంసం, పండ్లు తినే మనిషికి బి విటమిన్లు, మెగ్నీషియం, జింక్ వంటివి దాదాపు అన్నీ సిఫారసు చేసిన మోతాదును మించి కంచంలోంచే అందుతాయి. దీనికి పూర్తిగా భిన్నమైన కథ ఫిగర్ స్కేటర్లది, స్కీ జంపర్లది. అక్కడ తేలికైన శరీరానికి విలువ ఎక్కువ కాబట్టి కడుపు మాడ్చుకోవడం అలవాటుగా మారింది. ఫిగర్ స్కేటింగ్ అమ్మాయిల ఆహారాన్ని పరిశీలించినప్పుడు కాల్షియం, ఇనుము, మెగ్నీషియం, ఫోలేట్ వంటివి పదేపదే తక్కువగా కనిపించాయి. స్కీ జంపింగ్‌లో ఈ ధోరణి ఎంత దూరం వెళ్లిందంటే, ఎత్తుకు తగ్గ బరువు లేనివారు పొట్టి స్కీలతోనే దూకాలని 2004లో అంతర్జాతీయ స్కీ సమాఖ్య నియమం తెచ్చింది. పొట్టి స్కీతో గాలిలో ఎక్కువ దూరం తేలలేరు కాబట్టి, బరువు తగ్గించుకోవడం వల్ల వచ్చే లాభాన్ని ఆ నియమం వెనక్కి లాగింది. రాత్రి అన్నం మానేసిన మీ అమ్మాయి తింటున్న తీరు ఇప్పుడు ఈ రెండో గుంపుకు దగ్గరగా ఉంది. షార్ట్ ట్రాక్‌లో వంపుల దగ్గర వేగంతో తిరగడానికి తొడల్లో, నడుములో బలం కావాలి. అందులో సన్నబడటం వల్ల లాభం కూడా లేదు.

కడుపు నిండా తిన్నా శీతాకాల క్రీడాకారుల్లో తగ్గే అవకాశం ఉన్నవి రెండు: విటమిన్ డి, ముఖ్యంగా స్త్రీలలో ఇనుము. మంచి వ్యవస్థ ఉన్న దేశాల్లో ఈ రెండింటినీ రక్తపరీక్షతో చూసి, తక్కువైన వారికే, తక్కువైనంత మేరకే ఇస్తారు. జాబితా ఇచ్చిన పెద్దమనిషి మాత్రల పేర్లు తెచ్చారు గానీ ఆ పరీక్షల సంగతి వదిలేశారు.

ముందుగా విటమిన్ డి. చర్మం మీద పడే ఎండలోని అతినీలలోహిత బి కిరణాల వల్ల ఇది శరీరంలో తయారవుతుంది. దాదాపు 60 డిగ్రీల ఉత్తర అక్షాంశంలో ఉన్న ఓస్లోలో చలికాలం నెలల తరబడి ఆ కిరణాలు నేలకు చేరవు. అందుకే నార్వే ఇళ్లలో చలికాలమంతా చెంచాడు కాడ్ లివర్ ఆయిల్ తాగే అలవాటు తరాలుగా ఉంది, ఫిన్లాండ్ 2003 నుంచి పాలల్లో విటమిన్ డి కలుపుతోంది. బెంగళూరు 13 డిగ్రీల దగ్గర ఉంది కాబట్టి ఇక్కడ సంవత్సరమంతా పనికొచ్చే ఎండ దొరుకుతుంది. కానీ తెల్లవారుజామున ఒక సాధన, పగలంతా తరగతి గది, చీకటి పడ్డాక మరో సాధన చేసే పిల్లకు ఆ ఎండ తగిలేదెప్పుడు? షార్ట్ ట్రాక్ పూర్తిగా కప్పు కింద, ఒళ్లంతా కప్పే దుస్తుల్లో సాగే ఆట కాబట్టి, అక్షాంశం ఏదైనా ఈ లోటు రావచ్చు. మన నగరాల్లో ఆటలు ఆడనివారిలో కూడా ఈ కొరత చాలా ఎక్కువగా ఉంది. కనుక మీ అమ్మాయికి తక్కువగా ఉండి ఉండవచ్చు. పరీక్ష చేయించి, మిల్లీలీటరుకు 20 నానోగ్రాముల కంటే తక్కువ ఉంటే డాక్టరు వారానికి 60,000 యూనిట్లు కొన్ని వారాల పాటు రాసి, తర్వాత మోతాదు తగ్గిస్తారు. అది చికిత్స. పరీక్ష లేకుండా, ఎప్పుడు ఆపాలో తెలియకుండా కొనసాగించడం వేరే విషయం. వారానికి 60,000 అంటే రోజుకు 8,500 యూనిట్ల పైమాటే. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ చెప్పిన రోజువారీ అవసరం 600, గరిష్ఠ పరిమితి 4,000. దానికి తోడు కాల్షియం మాత్ర కూడా ఇస్తున్నారు కాబట్టి రక్తంలో కాల్షియం మితిమీరలేదని తేల్చుకోవాలి. అది పెరిగినా అలసట, వికారం, మలబద్ధకం, అతిదాహం వస్తాయి. మీరు రాసిన అలసటకు కారణం ఇది కాకపోవచ్చు, అయినా సీరం కాల్షియం పరీక్ష చేయించకుండా ఊరుకోవద్దు.

అలసటకు ఎక్కువ అవకాశమున్న కారణం ఇనుము తగ్గడం. ఇక్కడ చాలామంది హిమోగ్లోబిన్ ఒక్కటే చూసి, 12 దాటింది కదా అని తృప్తిపడతారు. హిమోగ్లోబిన్ తగ్గడమన్నది చివరి దశ. దానికి చాలా ముందే శరీరంలోని ఇనుము నిల్వ కరిగిపోతుంది, ఆ నిల్వను చెప్పేది ఫెరిటిన్ పరీక్ష. క్రీడావైద్యులు సాధారణంగా ఫెరిటిన్ మిల్లీలీటరుకు 35 నానోగ్రాముల కంటే తగ్గగానే జాగ్రత్తపడతారు. జ్వరం, వాపు ఉన్నప్పుడు, కఠినమైన సాధన చేసిన మర్నాడు ఫెరిటిన్ ఉన్నదానికంటే ఎక్కువగా కనిపిస్తుంది కాబట్టి, ఒక రోజు విశ్రాంతి తర్వాత ఉదయం పూట, ఒంట్లో వాపును పట్టించే సీఆర్‌పీ పరీక్షతో కలిపి చేయించండి. మరో సంగతి. ఎత్తైన ప్రదేశాల్లో శిబిరాలకు వెళ్లే స్కీయర్లకు ఫెరిటిన్‌ను కొన్ని వారాల ముందే చూస్తారు, ఎందుకంటే అక్కడ కొత్త ఎర్రకణాలు తయారవడానికి ఇనుము అదనంగా కావాలి. దెహ్రాదూన్ అంత ఎత్తేమీ కాదు, కానీ రేపు అమ్మాయి గుల్మార్గ్‌కో లేహ్‌కో వెళ్లవలసి వస్తే ఈ పరీక్ష ముందే జరగాలి.

మీ ఇంట్లో మాత్రలు ఇస్తున్న తీరు ఇప్పుడు చూద్దాం. ఐరన్, కాల్షియం, జింక్ మూడూ కలిపి, పాలతో, రాత్రి భోజనం మీద. పేగుల్లో ఇనుము ఒంటికి పట్టకుండా కాల్షియం అడ్డుపడుతుంది, పాలలో ఉన్నదీ అదే. ఎక్కువ మోతాదు జింక్ ఇనుముతో పోటీపడుతుంది. భోజనంలోని పప్పు, ధాన్యాల్లో ఉండే ఫైటేట్లు ఇంకొంత ఆపుతాయి. పైగా గట్టి సాధన తర్వాత మూడు నుంచి ఆరు గంటల మధ్య హెప్సిడిన్ అనే హార్మోను రక్తంలో పెరిగి, ఇనుము లోపలికి రాకుండా తలుపు మూసేస్తుంది. సాయంత్రం ప్రాక్టీసు ముగించి, ఇంటికొచ్చి, తిని, మాత్ర వేసుకునేసరికి ఆ తలుపు మూసుకుంటూ ఉంటుంది. అంటే మూడు నెలలుగా మీరు శ్రద్ధగా ఇచ్చిన ఇనుములో చాలా భాగం ఒంటికి పట్టకుండానే పోయి ఉంటుంది. మీ శ్రద్ధలో లోపం లేదు, సమయమే కుదరలేదు.

పరీక్షలో ఫెరిటిన్ తక్కువని తేలి డాక్టరు ఐరన్ రాస్తే, ఉదయం సాధనకు ముందు గానీ, అది ముగిసిన అరగంట లోపు గానీ, నిమ్మరసంతోనో జామపండుతోనో ఇవ్వండి. పాలు, పెరుగు, కాఫీ, టీ కనీసం ఒక గంట దూరంగా ఉండాలి. మన ఇళ్లలో టిఫిన్ అయీకాగానే ఫిల్టర్ కాఫీ గ్లాసు చేతికి వస్తుంది కాబట్టి ఈ గంట నియమం పాటించడం కొంచెం కష్టమే, అయినా తప్పదు. రోజు విడిచి రోజు వేసుకుంటే ఒక్కో మాత్రలోంచి ఒంటికి పట్టే భాగం ఎక్కువగా ఉంటుందని, కడుపులో ఇబ్బంది కూడా తక్కువని పరిశోధనలు చెబుతున్నాయి. డాక్టరును అడిగి అలా ఇవ్వవచ్చు.

ఆహారంలో ఎంత ఇనుము కావాలన్న లెక్క దగ్గర విదేశీ జాబితాలు మనల్ని తప్పుదారి పట్టిస్తాయి. ఈ వయసు అమ్మాయిలకు అమెరికా వారు 15 మి.గ్రా. చాలంటారు, మన జాతీయ పోషకాహార సంస్థ 2020 సిఫారసు 32 మి.గ్రా. మన పిల్లల శరీరం వేరని దీనర్థం కాదు. మాంసంలోని ఇనుము సులువుగా ఒంటికి పడుతుంది, మన ధాన్యం, పప్పు, ఆకుకూరల్లోని ఇనుములో చాలా కొద్ది భాగమే పడుతుంది, అందుకే ఎక్కువ తినవలసి వస్తుంది. ఉలవచారు, తోటకూర పప్పు, మొలకెత్తిన పెసలు, సెనగలు ఇవన్నీ మంచివే. వాటిని నానబెట్టడం, మొలకెత్తించడం, పులియబెట్టడం వల్ల ఫైటేట్లు తగ్గుతాయి, భోజనంలో నిమ్మకాయ పిండుకున్నా, ఉసిరికాయ పచ్చడి వేసుకున్నా ఇనుము పట్టడం పెరుగుతుంది. ఎన్నాళ్లుగానో చేస్తున్న ఇడ్లీ, దోశ పిండి పులియడం కూడా ఈ పనే చేస్తోంది. బెల్లం మీద మాత్రం పెద్దగా ఆశ పెట్టుకోకండి, అందులో ఇనుము ఎంత ఉంటుందో ఒక్కో రకానికి ఒక్కోలా మారుతుంది.

కాల్షియం విషయంలో మీ ప్రాంతపు వంటే మీకు అండ. ఈ వయసుకు రోజుకు 1,050 మి.గ్రా. కావాలి. వంద గ్రాముల రాగి పిండిలో సుమారు 360 మి.గ్రా. ఉంటుంది, పావు లీటరు పాలలో మరో 300. రాగి సంగటి, రెండు పూటలా పాలు లేదా పెరుగు, ఒక నువ్వుల ఉండ ఉన్న రోజున మాత్ర అవసరమే రాదు. ఇవన్నీ మధ్యాహ్నం, రాత్రి పూటకు పెట్టుకుంటే ఉదయం ఇనుముతో తగాదా ఉండదు. పాల ప్యాకెట్ మీద ప్లస్ ఎఫ్ గుర్తు ఉంటే అందులో విటమిన్ ఎ, డి కలిపారని అర్థం, వీలైతే అదే కొనండి. మాంసం, చేప లేని ఇంట్లో బి12 పరీక్ష కూడా తప్పనిసరి. పాలు, పెరుగు, గుడ్డు రోజూ తింటే చాలావరకు సరిపోతుంది, తక్కువైతే మాత్రతో తేలికగా సరిదిద్దవచ్చు. ఒకవేళ మీరు మామూలు ఉప్పు మానేసి సైంధవ లవణం మాత్రమే వాడుతుంటే, మళ్లీ అయోడిన్ ఉప్పుకు మారండి.

విటమిన్ సి గురించి ఒక ఆసక్తికరమైన సంగతి ఉంది. మామూలు మనుషులకు రోజూ సి మాత్ర వేసుకున్నందువల్ల జలుబు రావడం తగ్గదు. కానీ మారథాన్ పరుగెత్తేవారు, స్కీ శిబిరాల్లోని వారు, అతిశీతల ప్రదేశాల్లోని సైనికులు కలిసి సుమారు 600 మంది మీద జరిగిన 5 పరిశోధనల్లో జలుబు వచ్చే అవకాశం సగానికి తగ్గింది. కాబట్టి శిబిరం రోజుల్లో విటమిన్ సి మీద శ్రద్ధ పెట్టడం సబబే. దానికి 1000 మి.గ్రా. మాత్ర అక్కర్లేదు, ఒక మంచి జామపండులోనే 200 మి.గ్రా. దాకా ఉంటుంది. రోజూ 1000 మి.గ్రా. సి, 235 మి.గ్రా. ఇ కలిపి 11 వారాలు ఇచ్చిన నార్వే పరిశోధనలో, సాధన వల్ల కండరాల్లో జరగవలసిన కొన్ని మంచి మార్పులు మాత్రలు వేసుకున్న వారిలో తక్కువగా జరిగాయి. కష్టపడి చేసిన సాధన ఫలితాన్ని మనమే తగ్గించుకోవడం ఎందుకు? విటమిన్ ఇ మాత్ర పూర్తిగా ఆపండి. 50 మి.గ్రా. జింక్ కూడా ఆపండి, అది ఈ వయసుకు ఉన్న గరిష్ఠ పరిమితిని మించుతుంది, ఎక్కువ కాలం వాడితే శరీరంలో రాగి లోహం తగ్గిపోతుంది. మిగిలినవి కూడా డాక్టరు రాసినవి కావు కాబట్టి, పరీక్షలయ్యే వరకు పక్కన పెట్టండి. వారం పది రోజుల్లో దానివల్ల నష్టమేమీ రాదు.

ఈ లోగా చేయవలసిన అసలు పని రాత్రి అన్నం తిరిగి మొదలుపెట్టడం. సాయంత్రం సాధన అయిన గంటలోపు అన్నం గానీ సంగటి గానీ, పప్పు, రెండు గుడ్లు, పెరుగు ఉండాలి. తెల్లవారుజామున ఖాళీ కడుపుతో పంపకుండా అరటిపండు, రెండు ఖర్జూరాలు తినిపించండి. బడికి పల్లీ చిక్కీ, మొలకలు పెట్టండి. చలిలో ఒళ్లు వెచ్చగా ఉంచుకోవడానికి కూడా శక్తి ఖర్చవుతుంది, దాహం తెలియదు. కాబట్టి దెహ్రాదూన్‌లో ఇంటి తిండి కంటే కొంచెం ఎక్కువే తినాలని, నీళ్లు గుర్తుపెట్టుకుని తాగాలని అమ్మాయికి చెప్పండి. హాస్టల్ భోజనంలో దొరకని రాగి పిండి, నువ్వుల ఉండలు, ఉసిరికాయ పచ్చడి మీరే కట్టి పంపవచ్చు. బరువు పెరుగుతుందన్న భయం ఆమెకు లోతుగా ఉన్నట్టయితే తిట్టకండి, బతిమాలకండి. కోచ్‌ను, క్రీడా పోషకాహార నిపుణులను కూర్చోబెట్టి మాట్లాడించండి. నెలసరి తిరిగి మొదలయ్యే దాకా సాధన తీవ్రత ఎంత ఉండాలో డాక్టరే చెప్పాలి. అందుకోసం శిబిరం ఒక విడత వాయిదా పడినా ఒప్పుకోండి.

చివరిగా, ఇది పోటీల్లో పాల్గొనే పిల్లకు మరీ ముఖ్యం. 2000వ దశకం మొదట్లో జర్మనీలోని కొలోన్ ప్రయోగశాల 13 దేశాల్లో కొన్న 634 సప్లిమెంట్లను పరీక్షిస్తే, 94 డబ్బాల్లో లేబుల్ మీద రాయని నిషేధిత హార్మోన్ పదార్థాలు బయటపడ్డాయి. తెలియక మింగినా బాధ్యత క్రీడాకారిణిదే అన్నది ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ నియమం, పదహారేళ్ల పిల్లలకు కూడా పరీక్ష జరగవచ్చు. కనుక జిమ్‌లోనో, ఆన్‌లైన్‌లోనో దొరికే క్రీడా సప్లిమెంట్ల డబ్బాల జోలికి పోకుండా, డాక్టరు రాసిన మాత్రలే మందుల షాపులో బిల్లుతో కొని, బ్యాచ్ నంబరు రాసి పెట్టుకోండి. రాసిన మందు పేరును మన జాతీయ డోపింగ్ నిరోధక సంస్థ, అంటే నాడా, ఇచ్చిన నో యువర్ మెడిసిన్ యాప్‌లో ఒకసారి సరిచూడండి. ఇనుము బాగా తగ్గిందని ఎవరైనా క్లినిక్‌లో సెలైన్ ద్వారా ఎక్కిద్దామంటే, వెంటనే ఒప్పుకోకండి. ఇనుము నిషేధిత పదార్థం కాదు గానీ, 12 గంటల్లో 100 మిల్లీలీటర్లకు మించి రక్తనాళంలోకి ఏది ఎక్కించినా, ఆసుపత్రి చికిత్సలో, శస్త్రచికిత్సలో, రోగనిర్ధారణ పరీక్షల్లో భాగమైతే తప్ప, అది నిషేధిత పద్ధతే. నిజంగా అవసరమైతే, అమ్మాయి పోటీ క్రీడాకారిణి అని డాక్టరుకు ముందే చెప్పి, చికిత్సార్థం మినహాయింపు కోసం నాడాకు దరఖాస్తు చేసి, ఆ కాగితాలు శిబిరానికి వెళ్లేటప్పుడు అమ్మాయి వెంట పంపండి.